మంచు నడుమ చెదరని మనసు

మనిషి రేపటి కోసం ఎన్నో ఏర్పాట్లు చేసుకొంటాడు. ఏ గంటకు ఏ పని చేయాలో ముందే నిర్ణయించుకొంటాడు. కాని కాలం ఎప్పుడూ మన నిర్ణయాలకు లోబడి నడవదు. పరీక్షకు బయలుదేరిన రోజునే బస్సు దారిలో ఆగిపోవచ్చు. శుభకార్యం తలపెట్టిన నాడే తుఫాను ముంచుకురావచ్చు. అనుకోని ఆటంకం ఎదురైనప్పుడు పని కన్నా ముందు మనసు చెదురుతుంది. మనసు చెదిరినవాడికి చేతిలో మిగిలి ఉన్న అవకాశాలు కూడా కనిపించవు. ఒకనాటి ఆటంకం కాదు, దాదాపు రెండేళ్లపాటు ఒకదాని వెంట ఒకటిగా ఆపదలు వచ్చి పడినా మనసును నిలుపుకొని, తన వెంట ఉన్నవారిని కాపాడిన ధీరుడు సర్ ఎర్నెస్ట్ షాకల్టన్.

దక్షిణ ధ్రువ ప్రాంత యాత్రికుల చరిత్రలో షాకల్టన్‌ది విలక్షణమైన స్థానం. ఆయన దక్షిణ ధ్రువాన్ని చేరలేదు. అంటార్కిటికా ఖండాన్ని ఈ చివరి నుండి ఆ చివరికి దాటాలన్న కోరిక కూడా నెరవేరలేదు. అయినా, గమ్యాలను చేరిన ఎందరికో దక్కని గౌరవం ఆయనకు దక్కింది. ఆ గౌరవానికి కారణం ఆయన జీవితాన్ని పరిశీలిస్తే తెలుస్తుంది.

షాకల్టన్ 1874 ఫిబ్రవరి 15న ఐర్లండులోని కిల్‌డేర్ ప్రాంతంలో గల కిల్కీ గ్రామంలో జన్మించాడు. పదిమంది సంతానంలో ఆయన రెండవవాడు. తండ్రి మొదట వ్యవసాయం చేశాడు. తరవాత వైద్యవిద్య అభ్యసించి, కుటుంబంతో సహా లండను చేరి అక్కడ వైద్యునిగా స్థిరపడ్డాడు. కుమారుడు కూడా తనవలె వైద్యుడు కావాలని ఆయన ఆశించాడు. కాని బాలుని మనసు పాఠ్యపుస్తకాల కంటె సముద్రం మీదనే ఎక్కువగా ఉండేది. పదహారేళ్ల వయసులో షాకల్టన్ చదువు విడిచి ఒక తెరచాప ఓడలో పనికి చేరాడు. ఓడపని కఠినమైనది. గాలివాన ఎప్పుడు లేస్తుందో, తెరచాప ఎప్పుడు చిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ అనిశ్చితి మధ్యనే ఆయన పెరిగాడు. మెట్టుమెట్టుగా ఎదిగి, 1898 నాటికి ఎంత పెద్ద ఓడనైనా నడపగల అర్హతను సంపాదించాడు.

1901లో కెప్టెన్ స్కాట్ నాయకత్వంలో డిస్కవరీ అనే ఓడ అంటార్కిటికాకు బయలుదేరింది. అందులో షాకల్టన్‌కు కూడా స్థానం లభించింది. 1902 చివరలో స్కాట్, విల్సన్, షాకల్టన్ ముగ్గురూ మంచు మీద నడుస్తూ అంతవరకు ఎవరూ చేరనంత దక్షిణానికి వెళ్లారు. తిరుగు ప్రయాణంలో షాకల్టన్ స్కర్వీ వ్యాధితో తీవ్రంగా బాధపడ్డాడు. మిగిలినవారు అక్కడే ఉండి పరిశోధనలు సాగిస్తుండగా, ఆయనను 1903లో ఇంటికి పంపించివేశారు. ఉత్సాహవంతుడైన యువకునికి అది పెద్ద ఆశాభంగం. అయితే ఆయన కుంగిపోలేదు. మళ్లీ వెళ్లడానికి తానే ఒక యాత్రను సమకూర్చుకొన్నాడు.

నిమ్రాడ్ అనే ఓడలో 1907లో ఆ యాత్ర మొదలయింది. 1909 జనవరి 9 నాటికి షాకల్టన్, ముగ్గురు సహచరులతో కలిసి దక్షిణ ధ్రువానికి సుమారు 180 కిలోమీటర్ల దూరంలోకి చేరుకొన్నాడు. మరికొన్ని రోజులు నడిస్తే ధ్రువం అందుతుంది. ప్రపంచంలో మొదటివాడన్న కీర్తి దక్కుతుంది. కాని ఆహారం తరిగిపోయింది. ధ్రువాన్ని చేరడం సాధ్యమే కావచ్చు, ప్రాణాలతో తిరిగిరావడం మాత్రం సాధ్యం కాదని ఆయన గ్రహించాడు. కళ్లెదుట ఉన్న కీర్తిని వదలుకొని వెనుదిరిగాడు. నలుగురూ క్షేమంగా తిరిగివచ్చారు. ఆ సంవత్సరమే బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను సర్ బిరుదంతో సత్కరించింది. ఆశకూ ఆలోచనకూ మధ్య ఘర్షణ వచ్చినప్పుడు ఆలోచన వైపు నిలబడటం ఆయన ఆనాడే నేర్చుకొన్నాడు.

1911 డిసెంబరులో నార్వే దేశస్థుడైన ఆమండ్‌సెన్ దక్షిణ ధ్రువాన్ని మొదటిసారిగా చేరాడు. నెల రోజుల తరవాత అక్కడికి చేరిన స్కాట్ బృందం తిరుగు ప్రయాణంలో మంచుకు బలి అయింది. ఇక మిగిలిన గొప్ప సాహసం అంటార్కిటికా ఖండాన్ని ఒక తీరం నుండి మరొక తీరానికి కాలినడకన దాటడమేనని షాకల్టన్ భావించాడు. దాని దూరం సుమారు 2,900 కిలోమీటర్లు. ఆ పనికి రెండు ఓడలు కావలసివచ్చాయి. ఒకటి ఆయనను వెడ్డెల్ సముద్రం వైపు దింపుతుంది. మరొకటి ఖండానికి అవతల ఉన్న రాస్ సముద్రం వైపు వెళ్లి, చివరి దారి పొడవునా ఆహారపు నిల్వలను ఏర్పాటు చేస్తుంది. తన ఓడకు ఆయన ఎండ్యూరెన్స్ అని పేరు పెట్టాడు. ఓర్పు అని దాని అర్థం. ఓర్పుతో జయిస్తామన్న భావం ఆయన వంశ ధ్యేయవాక్యంలో ఉంది. ఆ పేరు ఎంత సార్థకం కానున్నదో అప్పటికి ఎవరికీ తెలియదు.

1914 డిసెంబరు 5న ఎండ్యూరెన్స్ దక్షిణ జార్జియా దీవి నుండి బయలుదేరింది. దారిపొడవునా మంచుపలకలు అడ్డుపడ్డాయి. వాటిని తప్పించుకొంటూ ఆరు వారాలు ప్రయాణించిన ఓడ 1915 జనవరి మూడవ వారంలో మంచులో చిక్కుకొంది. దిగవలసిన తీరం ఇంకా ఒక్కరోజు ప్రయాణదూరంలోనే ఉంది. ఓడవారు గునపాలతో, రంపాలతో మంచును కోసి దారి చేయాలని ప్రయత్నించారు. కోసిన చోట నీరు మళ్లీ గడ్డకట్టింది. ఏళ్ల తరబడి తయారుచేసుకొన్న ప్రణాళిక ఆ విధంగా కొద్ది రోజులలో కూలిపోయింది. ఓడ మంచుతో పాటు ఎటు కొట్టుకుపోతే అటు పోవడం తప్ప వేరు మార్గం లేదు.

అటువంటి వేళ నాయకుడు కోపగించవచ్చు, విధిని నిందించవచ్చు, తప్పు ఎవరిదో వెదకవచ్చు. షాకల్టన్ అవేమీ చేయలేదు. నిరాశను బయటికి కనబడనీయలేదు. శీతకాలమంతా ఓడలోనే గడపవలసి ఉంటుందని అందరికీ స్పష్టంగా చెప్పి, దానికి తగిన ఏర్పాట్లు ప్రారంభించాడు. మంచు ముట్టడిని తొలగించడం తన చేతిలో లేదు. కాని ఆ రోజును ఎట్లా గడపాలో నిర్ణయించడం తన చేతిలో ఉంది. ఈ తేడాను గుర్తించడమే ఆయన ప్రశాంతతకు మూలం.

దక్షిణార్ధగోళంలో మే నుండి జూలై వరకు గాఢమైన శీతకాలం. ఆ నెలలలో అక్కడ సూర్యుడు కనిపించడు. ఎడతెగని చీకటిలో పని లేకుండా కూర్చున్న మనిషికి మతి చలిస్తుందని ఆయన ఎరుగును. అందువల్ల ఓడలో ప్రతివారికీ పని కల్పించాడు. భోజనానికి, నిద్రకు, కాపలాకు వేళలు నియమించాడు. శాస్త్రజ్ఞులు, నావికులు అన్న భేదం లేకుండా అందరూ నేల కడగవలసిందే. కుక్కలకు మంచుతో ఇళ్లు కట్టారు. వాటి చేత బండ్లు లాగించి పందేలు పెట్టారు. మంచు మీద ఫుట్‌బాల్ ఆడారు. సాయంకాలాలు పాటలతో, వేషాలతో గడిచేవి. పైకి ఇవి వినోదాలుగా కనిపించినా, నిజానికి భయం చొరబడకుండా కట్టిన గోడలు.

తొమ్మిది నెలలకు పైగా గడిచాయి. వసంతం వస్తే మంచు కరిగి ఓడ బయటపడుతుందనుకొన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్లు, మంచుపలకలు కదిలి ఓడను రెండు వైపుల నుండి నొక్కసాగాయి. దూలాలు విరిగాయి. నీరు లోపలికి వచ్చింది. 1915 అక్టోబరు 27న ఓడను విడిచి మంచు మీదికి దిగవలసిందిగా షాకల్టన్ ఆజ్ఞాపించాడు. ఇరవై ఎనిమిది మంది మనుషులు, కొన్ని గుడారాలు, మూడు పడవలు, కుక్కలు మిగిలాయి. కాలికింద ఉన్నది నేల కాదు, సముద్రం మీద తేలుతున్న మంచు. ఉష్ణోగ్రత సున్నాకు ఇరవై డిగ్రీల దిగువకు పడిపోయింది. వారు ఎక్కడ ఉన్నారో లోకంలో ఎవరికీ తెలియదు. కబురు పంపే సాధనమూ లేదు.

ఆ రాత్రి మరొక చిక్కు వచ్చింది. వెచ్చని తోలుతో చేసిన పడకసంచులు పద్దెనిమిదే ఉన్నాయి. మిగిలినవి పలుచని ఉన్నివి. చీట్లు వేసి పంచారు. తోలుసంచులు ఎక్కువగా సామాన్య నావికులకే వచ్చేటట్లు షాకల్టన్ చూశాడు. తానూ, తన ముఖ్య సహాయకులూ ఉన్నిసంచులలో పడుకొన్నారు. ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. మంచు మీద అటూ ఇటూ నడుస్తూ గడిపాడు. తెల్లవారగానే ఫ్రాంక్ వైల్డ్, ఫొటోగ్రాఫర్ హర్లీలతో కలిసి పాలు కాచి, గుడారం గుడారానికీ తిరిగి తన చేతులతో అందించాడు. ఓడా, సామగ్రీ పోయాయని, ఇక అందరూ ఇంటికి వెళ్లడమే మిగిలిందని తొణకకుండా చెప్పాడు. నిన్నటివరకు ఖండాన్ని దాటడం లక్ష్యం. నేటి నుండి ఒక్క ప్రాణం కూడా పోకుండా ఇల్లు చేరడం లక్ష్యం. పాత లక్ష్యం కోసం విలపిస్తూ ఆయన ఒక్కరోజైనా వృథా చేయలేదు.

అనవసరమైన బరువును వదిలివేయాలని అందరినీ ఆదేశించాడు. ముందుగా తానే తన జేబులోని బంగారు నాణేలను మంచుమీద పారవేశాడు. రాణి బహూకరించిన బైబిలును కూడా, కొన్ని పుటలు మాత్రమే చించుకొని, అక్కడే విడిచాడు. కాని హస్సీ అనే యువకుని బాంజో వాద్యాన్ని మాత్రం వదలనీయలేదు. ఆ వాద్యం బరువు ఆరు కిలోల దాకా ఉన్నా, మనసులకు అది మందు అని ఆయన ఉద్దేశం. బంగారం కంటె పాట విలువైనదయ్యే వేళలు జీవితంలో ఉంటాయి.

నవంబరు 21న ఎండ్యూరెన్స్ పూర్తిగా మునిగిపోయింది. తరవాత దాదాపు ఐదు నెలలు ఆ బృందం మంచుపలకల మీదనే నివసించింది. సీలు జంతువుల మాంసం, పెంగ్విన్ పక్షుల మాంసం వారికి ఆహారం. మనుషుల స్వభావాలను షాకల్టన్ నిశితంగా గమనించేవాడు. ఎక్కువగా సణిగేవారిని, ఇతరుల మనసు విరిచేవారిని తన గుడారంలోనే ఉంచుకొనేవాడు. దిగులు కూడా అంటువ్యాధి వంటిదని ఆయనకు తెలుసు.

అలాగని ఆయన మనసు ఎన్నడూ కల్లోలపడలేదని అనుకోరాదు. మంచు మీద పడవలను ఈడ్చుకొంటూ నడుస్తున్నప్పుడు వడ్రంగి మెక్‌నిష్ ఇక ముందుకు సాగనని ఎదురుతిరిగాడు. షాకల్టన్ ఓడ నియమాలను అందరి ముందూ చదివి వినిపించి, తగవును అక్కడికక్కడే అణచివేశాడు. కాని ఆ సంఘటనను మనసులో నుండి తీసివేయలేకపోయాడు. అదే మెక్‌నిష్ తరవాత తన నైపుణ్యంతో పడవను బాగుచేసి అందరికీ మేలు చేసినా, యాత్రికులకు ఇచ్చే పతకానికి అతని పేరును సిఫారసు చేయలేదు. మహావ్యక్తులలో కూడా ఇటువంటి లోపాలు ఉంటాయి. ప్రశాంతత ఆయనకు పుట్టుకతో వచ్చిన వరం కాదు, ప్రతిదినం ప్రయత్నించి నిలుపుకొన్న నడవడి.

1916 ఏప్రిల్ 9న కాలికింది మంచు పగిలింది. అందరూ మూడు చిన్న పడవలలోకి ఎక్కారు. అలలు, మంచుగడ్డలు, దాహం, నిద్రలేమి వారిని పీడించాయి. హర్లీ చేతితొడుగులు పోగొట్టుకొంటే షాకల్టన్ తన తొడుగులు తీసి ఇచ్చాడు. ఆయన వేళ్లు మంచుకు కొంకర్లుపోయాయి. ఏప్రిల్ 15న ఎలిఫెంట్ దీవి చేరారు. 497 రోజుల తరవాత వారి పాదాలు గట్టినేలను తాకాయి. కాని అది ఓడల రాకపోకలు లేని నిర్జనమైన దీవి. అక్కడ ఉంటే ఎవరూ వచ్చి రక్షించరు.

షాకల్టన్ మరొక సాహసానికి పూనుకొన్నాడు. ఏడు మీటర్ల పొడవు కూడా లేని జేమ్స్ కెయిర్డ్ అనే పడవలో, ఐదుగురితో కలిసి, 1,300 కిలోమీటర్ల దూరాన ఉన్న దక్షిణ జార్జియాకు ఏప్రిల్ 24న బయలుదేరాడు. మిగిలిన ఇరవైరెండు మందిని వైల్డ్‌కు అప్పగించాడు. ప్రపంచంలోనే అత్యంత భయంకరమైన సముద్రం అది. నావికుడు వర్స్‌లీకి దిక్కు లెక్కించడానికి ఆ ప్రయాణమంతటిలో సూర్యుడు నాలుగుసార్లే కనిపించాడు. పడవపై పేరుకొన్న మంచును గొడ్డలితో కొట్టి తొలగించకపోతే బరువుకు మునిగిపోయేది. ఒక రాత్రి ఆకాశం తేటపడుతోందని షాకల్టన్ సంతోషించాడు. మరుక్షణంలోనే ఆ తెల్లని గీత ఆకాశం కాదని, కొండలా లేచివస్తున్న అల నురగ అని గ్రహించి అందరినీ హెచ్చరించాడు. అల మీదపడి పడవను నీటితో నింపింది. చేతికి దొరికినదానితో నీళ్లు తోడిపోసి వారు బతికి బయటపడ్డారు.

ఆ ప్రయాణంలో కూడా ఆయన నియమం తప్పలేదు. వేళకు వేడి ఆహారం, రాత్రివేళ వేడిపాలు అందవలసిందే. ఎవరైనా చలికి మరీ వణుకుతున్నట్లు గమనిస్తే, ఆ ఒక్కనికే కాక అందరికీ వేడిపాలు ఇప్పించేవాడు. తన కోసమే ఇస్తున్నారని తెలిస్తే ఆ మనిషి మరింత బెంగపడతాడని ఆయన ఆలోచన. పదహారు రోజుల తరవాత, మే 10న వారు దక్షిణ జార్జియా తీరాన్ని చేరారు.

అయినా కష్టాలు తీరలేదు. మనుషులు నివసించే తిమింగల వేట కేంద్రం దీవికి అవతలివైపు ఉంది. మధ్యలో ఎవరూ దాటని మంచుకొండలు. షాకల్టన్, వర్స్‌లీ, టామ్ క్రీన్ ముగ్గురూ పడవకున్న మేకులను బూట్ల అడుగున బిగించుకొని, ఒక తాడు, వడ్రంగి బాడిసె పట్టుకొని మే 19న నడక ప్రారంభించారు. ఒకచోట ఏటవాలు శిఖరం మీద చీకటి, పొగమంచు కమ్ముకొన్నాయి. అక్కడే ఆగితే గడ్డకట్టి చనిపోవడం ఖాయం. తాడును చుట్టగా చుట్టి, దాని మీద ఒకరి వెనుక ఒకరు కూర్చొని, అడుగు కనబడని లోయలోకి జారిపోయారు. అదృష్టవశాత్తు కింద మెత్తని మంచు ఉంది. మరొకచోట అలసటతో సహచరులిద్దరూ నిద్రలోకి జారుకొన్నారు. ఆ చలిలో నిద్ర మరణమే. షాకల్టన్ వారిని ఐదు నిమిషాలకే లేపి, అరగంట పడుకొన్నారని నమ్మబలికి నడిపించాడు. ముప్పైఆరు గంటల నడక తరవాత, మే 20న వారు స్ట్రోమ్‌నెస్ కేంద్రం తలుపు తట్టారు.

ఎలిఫెంట్ దీవిలోని వారి కోసం షాకల్టన్ మూడు ఓడలలో మూడుసార్లు ప్రయత్నించాడు. మూడుసార్లూ మంచు అడ్డుపడి వెనుదిరగవలసివచ్చింది. ఆ దీవిలో బోర్లించిన రెండు పడవలే ఇల్లుగా వైల్డ్ బృందం కాలం గడుపుతోంది. ప్రతి ఉదయం వైల్డ్ అందరినీ పడకలు చుట్టి సిద్ధంగా ఉండమనేవాడు. నాయకుడు ఆనాడే రావచ్చునని నమ్మకంగా చెప్పేవాడు. వంద రోజులు దాటినా ఆ అలవాటు మానలేదు. షాకల్టన్ దగ్గర నేర్చుకొన్న నిబ్బరం ఆయన లేని చోట కూడా పనిచేసింది. 1916 ఆగస్టు 30న చిలీ దేశపు యెల్కో అనే ఓడలో షాకల్టన్ రానే వచ్చాడు. ఇరవైరెండు మందీ సజీవంగా ఉన్నారు. ఎండ్యూరెన్స్‌లో బయలుదేరిన ఇరవై ఎనిమిది మందిలో ఒక్కరూ మరణించలేదు.

ఖండానికి అవతల ఆహారపు నిల్వలు ఏర్పాటు చేయడానికి వెళ్లిన రెండవ బృందం కథ మాత్రం ఇంత శుభంగా ముగియలేదు. ఆ తీరంలో చిక్కుకుపోయిన పదిమందిలో ముగ్గురు మరణించారు. రానివారి కోసం వారు ప్రాణాలొడ్డి నిల్వలు పెట్టారు. మిగిలిన ఏడుగురినీ తీసుకురావడానికి వెళ్లిన ఓడలో షాకల్టన్ కూడా ఉన్నాడు. ఎంతటి నాయకునికైనా అన్నీ సాధ్యం కావని ఈ విషాదం గుర్తుచేస్తుంది.

ఇంగ్లండులో స్థిరంగా జీవించడం షాకల్టన్‌కు చేతకాలేదు. వ్యాపారాలు కలిసిరాలేదు. అప్పులు పెరిగాయి. 1921లో క్వెస్ట్ అనే ఓడలో మళ్లీ దక్షిణానికి బయలుదేరాడు. పాత సహచరులు చాలామంది, జీతాల బాకీలు ఇంకా తీరకపోయినా, పిలవగానే వెంట వచ్చారు. 1922 జనవరి 5న దక్షిణ జార్జియా తీరంలో, ఓడలోనే, గుండెపోటుతో ఆయన కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు నలభై ఏడేళ్లు. భార్య ఎమిలీ కోరిక మేరకు మార్చి 5న ఆ దీవిలోనే సమాధి చేశారు. సరిగ్గా నూరేళ్ల తరవాత, 2022 మార్చి 5న, వెడ్డెల్ సముద్రంలో 3,008 మీటర్ల లోతున ఎండ్యూరెన్స్ ఓడను పరిశోధకులు కనుగొన్నారు. ఓడ వెనుకభాగాన దాని పేరు చెక్కుచెదరక ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది.

మనలో ఎక్కువమందికి మంచుసముద్రంలో చిక్కుకొనే పరిస్థితి రాదు. కాని అనుకొన్నది జరగని రోజులు అందరికీ వస్తాయి. అటువంటి రోజున షాకల్టన్ జీవితం మనకు ఒక సులభమైన మార్గం చూపుతుంది. పోయినదాని కోసం పొద్దుపుచ్చకుండా, చేతిలో ఉన్నదేమిటో లెక్క చూసుకోవాలి. లక్ష్యాన్ని పరిస్థితికి తగినట్లు మార్చుకోవాలి. వేళకు తినడం, నిద్రించడం, చేయవలసిన చిన్న పనిని చేయడం మానరాదు. పక్కవాడు వణుకుతున్నాడేమో గమనించాలి. భయం లేకపోవడం ధైర్యం కాదు. నిద్రపట్టని రాత్రి గడిచిన తరవాత కూడా, తెల్లవారగానే లేచి, పాలు కాచి నలుగురికీ అందించగలగడమే ధైర్యం.